బండి తీసే ముహూర్తం

"ఇంతకీ బండి ఎప్పుడు తీస్తున్నారు?"

మార్చి రెండోవారం వచ్చిందంటే మా వీధిలో నన్ను ఈ మాట అడగనివాళ్ళుండరు. పాతికేళ్ళ పిల్లని "పెళ్ళెప్పుడు?" అని అడిగినట్టు అడుగుతారు. ఉత్తరాలు పంచే ఆవిడ అడుగుతుంది. కుక్కని తిప్పే ఎదురింటి కుర్రాడు అడుగుతాడు. పక్కింటి పెద్దాయన మాత్రం అడగడు. తన గారేజీ తలుపు సగం ఎత్తి, తన బండిని మెత్తటి గుడ్డతో తుడుస్తూ, నేను చూస్తున్నానో లేదో అని ఓరకంట చూస్తాడు. అడగడం కంటే అదే ఎక్కువ.

నేను వుండేది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపోలిస్ నగరం శివారున. పటంలో చూస్తే కెనడాకి ఆనుకుని వుంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో "ఇక్కడ మనుషులెలా బతుకుతారండీ?" అని మావారిని అడిగాను. ఇరవై ఏళ్ళయింది. ఆయన ఇంకా జవాబు చెప్పలేదు. నవంబరులో పట్టిన మంచు ఏప్రిల్ దాకా నేలని వదలదు. ఆ అయిదు నెలలూ మోటారు సైకిల్ గారేజీలో దుప్పటి కప్పుకుని, బ్యాటరీకి సన్నటి తీగె తగిలించుకుని, ఆస్పత్రిలో సెలైను ఎక్కించుకుంటున్న రోగిలా పడుకుని వుంటుంది. ట్యాంకు నిండా పెట్రోలు పోసి, అది చెడిపోకుండా ఒక మందు కలిపి, పొగగొట్టంలో ఎలుకలు కాపురం పెట్టకుండా గుడ్డ కుక్కి, చంటిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాలి. పడుకోబెట్టడం తేలికే. ఎప్పుడు లేపాలన్నదే చిక్కు.

ఇక్కడ మీకో సందేహం రావాలి. నలభై ఆరేళ్ళ ఆడది, తెలుగు నవలలు రాసుకునేది, బి.ఏ.లో చరిత్రా తెలుగూ చదివినది, దీనికి మోటారు సైకిలేమిటి అని. మా అత్తగారికీ ఈ సందేహమే వచ్చింది. ఆవిడ పైకి అనలేదు గానీ, వీడియోలో నా హెల్మెట్టు చూసి "అదేమిటమ్మా, కుక్కరా?" అని అడిగారు.

దానికి కారకుడు మా నాన్న. ఆయన తెనాలిలో పశువుల డాక్టరు. కొల్లిపర, దుగ్గిరాల చుట్టుపక్కల పల్లెలన్నీ బుల్లెట్ మీద తిరిగేవాడు. అది పాతకాలపు బుల్లెట్. గేరు కుడికాలి కిందా, బ్రేకు ఎడమకాలి కిందా వుండేవి. దాని చప్పుడు కాలవగట్టు మలుపు తిరక్కముందే మా ఇంట్లోకి వచ్చేది. అమ్మ పొయ్యిమీద కాఫీ నీళ్ళు పెట్టేది. నేను ఆయన ముందు ట్యాంకు మీద కూచుని, రెండు చేతులూ హ్యాండిలు మీద వేసి, బండి నేనే నడుపుతున్నాననుకునేదాన్ని. తమ్ముడికి పదహారో ఏట నేర్పాడు. నాకు నేర్పలేదు. "నీకెందుకమ్మా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు అన్నాడు. అందుకే నాకు జవాబు చెప్పడం రాలేదు. ఆయన పోయాక తమ్ముడు ఆ బండిని ఎవరికో ఇచ్చేశాడు. ఎంతకిచ్చావురా అని నేనడగలేదు.

తరవాత అయిదేళ్ళకి, చెన్నై దగ్గర తయారైన రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఇక్కడి షాపులో అద్దం వెనక నిలబడి వుండగా చూశాను. అమ్మాయి చదువు కోసం ట్యూషన్ మాస్టారిని చూడ్డానికి వెళ్ళినదాన్ని బండి మాట్లాడుకుని వచ్చాను. నవలల డబ్బుతో కొన్నానని ఎవరైనా అనుకుంటే వాళ్ళ అమాయకత్వానికి దణ్ణం. తెలుగు నవలల డబ్బుతో దాని అద్దం వస్తుంది, అదీ ఒకవైపుది. మిగిలినది లైబ్రరీలో నా పార్ట్‌టైము ఉద్యోగం ఇచ్చింది. టెక్నికల్ కాలేజీ కార్లు నిలిపేచోట, నారింజరంగు శంకువుల మధ్య, పద్ధెనిమిదేళ్ళ పిల్లలతో కలిసి నేర్చుకున్నాను. మా మాస్టారు ఒకటే మంత్రం చెప్పేవాడు: "చూపు ఎటు వెళితే బండి అటు వెళుతుంది. గుంత వంక చూశావా, గుంతలో వుంటావు." నాన్న నాకు నేర్పి వుంటే ఇదే చెప్పేవాడు కాబోలు అనుకున్నాను.

సరే, ముహూర్తం సంగతికొస్తాను.

మన పంచాంగాలు ఎంత నయమో ఇక్కడికొచ్చాకే తెలిసింది. తిథి ఎప్పుడు వెళ్ళేదీ ఘడియలతో సహా ముందే అచ్చువేసి చెబుతాయి. మంచుకి పంచాంగం లేదు. మార్చిలో ఒకరోజు ఎండ ఫెళ్ళున కాస్తుంది. యాభై డిగ్రీలు అంటారు, అంటే మన సెంటీగ్రేడులో పది. ఆ పది డిగ్రీలకే ఇక్కడివాళ్ళు లాగులు వేసుకుని వీధుల్లో పరుగెడతారు. ఐస్‌క్రీమ్ కొట్టు ముందు వరుస కడతారు. వారం తిరక్కుండా మళ్ళీ అడుగెత్తు మంచు పడుతుంది. 2018లో ఏమయిందో చెబుతాను. ఆ యేడు మార్చి 18న ఉగాది. విళంబి నామ సంవత్సరం. విళంబం అంటే ఆలస్యమని మీకు చెప్పనక్కర్లేదు. ఏప్రిల్ నడిమధ్యలో, మన వూళ్ళో మామిడికాయలు కోతకొచ్చే రోజుల్లో, మాకిక్కడ అడుగుకు మించి మంచుతుఫాను వచ్చింది. మా వూరి పక్కన మినెటాంకా అని పెద్ద సరస్సొకటి వుంది. దానిమీద గడ్డకట్టిన మంచు ఏ తేదీన పోయిందో నూట యాభై ఏళ్ళకు పైగా రాసిపెడుతున్నారు. ఒక పడవ మంచు అడ్డం లేకుండా అన్ని పాయల్లోంచీ తిరిగిరాగలిగితే మంచు పోయినట్టు లెక్క. 1878లో మార్చి 11కే పోయింది. 1856లో మే 8 దాకా పోలేదు. ఆ విళంబిలో మే 5న పోయింది. పేరు పెట్టినవాళ్ళు ఎవరో గానీ మిన్నెసోటా చూసి పెట్టారనిపించింది నాకు.

ఉగాది నాడు కిటికీ అవతల మంచు వుంటుంది. ఇవతల ఎండు వేపపువ్వుతో పచ్చడి చేస్తాను. మెక్సికో మామిడికాయ ముక్కలు పులుపు కంటే మొహమాటం ఎక్కువగా వుంటాయి. "వసంతం వచ్చిందమ్మా" అని అమ్మకి ఫోనులో చెబుతాను. "అయితే ఇంకా ఆ స్వెట్టరేమిటే?" అంటుంది.

మంచు కరగడమే ముహూర్తం అనుకునేవాళ్ళు కారువాళ్ళు. రెండు చక్రాలవాళ్ళకి కథ అక్కణ్ణించే మొదలవుతుంది. మంచు కరిగించడానికి చలికాలమంతా రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఒక చెంచా ఉప్పు అయిదు గ్యాలన్ల నీళ్ళని పాడుచేస్తుందని ఇక్కడి ప్రభుత్వమే చెబుతుంది. చెబుతూనే చల్లుతుంది. అది తడిగా వున్నప్పుడు బండి ఇనుముని తింటుంది. ఆవకాయజాడీ మూత ఇనుముది పెడితే ఏమవుతుందో మనకి తెలుసు కదా, అదే అవుతుంది. చలి మరీ ముదిరితే ఉప్పూ పనిచెయ్యదు. అప్పుడు కాలు జారకుండా ఇసుక చల్లుతారు. మంచు పోతుంది గానీ ఇసుక ఎక్కడికి పోతుంది? కార్ల చక్రాలు తోసి తోసి, సరిగ్గా మలుపుల్లోనూ, రోడ్డు అంచునా పోగుచేస్తాయి. కారుకి అది లెక్కలేదు. ఒరిగి తిరిగే బండికి మాత్రం రాగులు చల్లిన గచ్చు మీద నాట్యం చెయ్యమన్నట్టే.

ఆపైన గుంతలు. పగలు కరిగిన నీరు రోడ్డు పగుళ్ళలోకి దిగి, రాత్రి గడ్డకట్టి, నూటికి తొమ్మిది పాళ్ళు ఉబ్బి, రోడ్డుని పెకలిస్తుంది. సాయంత్రం తడిగా కనిపించినది తెల్లారేసరికి కంటికి కనపడని మంచుపొర అయి కూచుంటుంది. వంతెనల మీద మరీనూ, కిందనుంచి కూడా గాలి తగులుతుంది గనుక. టైరు రబ్బరు చలికి బిగుసుకుని రోడ్డుని పట్టుకోదు. పది డిగ్రీల ఫారన్‌హీటు తగ్గితే టైర్లో గాలి ఒక పౌను తగ్గుతుంది. నలభై డిగ్రీల చల్లదనంలో అరవై మైళ్ళ వేగంతో పోతే వొంటికి తగిలేది ఇరవై అయిదు డిగ్రీల చలి. అంటే నీళ్ళు గడ్డకట్టే చలి. వేళ్ళు మొద్దుబారితే బ్రేకు పట్టుకున్నామో లేదో తెలియదు. వీటన్నిటికీ మించి కారువాళ్ళు. అయిదు నెలలపాటు మోటారు సైకిల్ మొహం చూసి వుండరు. ఎదురుగా వస్తున్నా వాళ్ళ కంటికి ఆనదు. మన ముందునుంచే ఎడమవైపుకి తిప్పేస్తారు.

ఇవన్నీ తెలిసినదాన్నేనండీ నేను. అయినా నిరుడు ఏప్రిల్ మొదటివారంలో తీశాను.

ఎందుకు తీశానంటే పక్కింటి పెద్దాయన తియ్యలేదు గనుక. ఆయనకి ఒక నియమం వుంది. రెండు పెద్ద వానలు పడాలి, మునిసిపాలిటీ ఊడ్చే యంత్రం ఒకసారి తిరగాలి, అప్పుడు గానీ బండి గారేజీ గడప దాటదు. యాభై ఏళ్ళుగా నడుపుతున్న మనిషి. ఆయన కంటే ముందు తీసి, ఆయన ఇంటిముందు నుంచి ఒకసారి వెళ్ళాలని నా సరదా. వెళ్ళాను కూడా. ఆయన చెయ్యి వూపాడు. ఆ చెయ్యి 'ఆగు' అన్నదో, 'వెళ్ళు' అన్నదో నాకిప్పటికీ తెలియదు.

మా వీధి చివర లైబ్రరీకి తిరిగే మలుపు వుంది. ఎన్ని వందలసార్లు తిరిగానో. పదిహేను మైళ్ళ వేగం కూడా లేదు. మలుపు మధ్యలో ఇసుక కనిపించింది. కనిపించడమే తప్పయింది. మాస్టారి మంత్రం ఎక్కడికి పోయిందో, కళ్ళు దానికి అతుక్కుపోయాయి. ముందు చక్రం పక్కకి జారడం, నేను కుడిభుజం మీద పడడం, కళ్ళముందు ఆకాశం ఎంతో నీలంగా వుండడం, మూడూ ఒకేసారి జరిగాయి. ఇక్కడ పెద్దవాళ్ళకి హెల్మెట్టు పెట్టుకోవాలన్న చట్టం లేదు. నేను పెట్టుకున్నాను. దానిమీద అయిన గీత చూస్తే చట్టం చేసేవాళ్ళకి పోస్టులో పంపాలనిపిస్తుంది.

జత్రు ఎముక విరిగింది. జత్రువు అనే మాట ప్రబంధాల్లో నాయిక వర్ణన దగ్గర చదివాను గానీ నాకూ ఒకటుందని అప్పుడే తెలిసింది. ఆరువారాలు చెయ్యి జోలెలో వేసుకుని తిరిగాను. సీరియల్ నవల మధ్యలో వుంది. ఫోనుకి తెలుగులో చెబితే రాసిపెడుతుందన్నారు. "కళ్యాణి కన్నీళ్ళు తుడుచుకుంది" అంటే అది "కళ్యాణి కందినీళ్ళు తుడుచుకుంది" అని రాసింది. దిద్దే చెయ్యి లేదు. మా అమ్మాయి దిద్దుతానంది, దానికి తెలుగు చదవడం రాదు. మావారు ఆఫీసునుంచి వచ్చాక కూచుని దిద్దేవారు. ఇరవై ఏళ్ళలో నా రచన ఆయన చదవడం అదే మొదటిసారి. "కళ్యాణి ఎందుకిన్నిసార్లు ఏడుస్తుంది?" అని మాత్రం అడిగారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. "నేను వద్దన్నానా?" అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. నిజానికి వద్దన్నారు. నేను వినలేదు. అంటే బాగుండును, నాలుగు మాటలు నేనూ అనేదాన్ని, సమంగా పోయేది. అనని మాట ఇంట్లో బల్లకింద పిల్లిలా తిరుగుతూ వుంటుంది, ఎప్పుడు కాలికి తగులుతుందో తెలియదు. బండికి వంగిన అద్దం, బ్రేకు లీవరు ఆయనే మార్పించి తెచ్చి, కప్పెట్టి, దాని మాట ఎత్తడం మానేశారు. ఆ వేసవీ, ఆకు రాలేకాలమూ బండి బయటికి రాలేదు. చెయ్యి పూర్తిగా నయం కాలేదని అన్నాను. అయింది.

అదన్నమాట, ఈ సంవత్సరం "ఎప్పుడు తీస్తున్నారు?" అని వీధివీధంతా అడగడం వెనక కథ.

నా దగ్గర జవాబులు సిద్ధంగా వున్నాయి. మార్చిలో "ఇంకా మంచుంది" అన్నాను, నిజమే. ఏప్రిల్ మొదట్లో "వాన పడలేదు, ఉప్పు పోలేదు" అన్నాను, అదీ నిజమే. వాన పడింది. "ఒకటేగా" అన్నాను. రెండోది కూడా పడింది, రాత్రంతా, గొట్టాలు పొంగేలా. పొద్దున్నే పక్కింటి పెద్దాయన గారేజీ తలుపు పూర్తిగా లేచింది. ఊడ్చే యంత్రం రాకపోయినా ఆయన తీసేశాడు. తన నియమం తనే తప్పి నాకోసం రోడ్డు చూసి రావడానికి వెళ్ళాడని అనుమానం. తిరిగొచ్చి "పెద్దరోడ్డు శుభ్రంగా వుంది" అని గాలితో చెబుతున్నట్టు చెప్పి లోపలికి వెళ్ళాడు.

"మలుపులో ఇసుకుంది కదా" అన్నాను నేను, మూసిన తలుపుతో.

ఆ రాత్రి మా అమ్మాయి అన్నం తింటూ "అమ్మా, బండి అమ్మేస్తున్నావా?" అంది.

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నువ్వే ఏమీ అనటం లేదు."

మావారు పెరుగు గిన్నె వంక చూస్తూ కూచున్నారు. ఆయనకి నేను అమ్మేస్తే సంతోషమని నాకు తెలుసు. ఆ సంతోషం నాకు కనిపించకుండా దాచుకుంటున్నారనీ తెలుసు. అమ్మెయ్యడం పెద్ద పనేం కాదు. కానీ అమ్మేస్తే ఇక నవలలో రాసుకోవడానికి కూడా నాకు బండి వుండదనిపించింది. ఎందుకనిపించిందో చెప్పలేను.

మర్నాడు అమ్మకి ఫోను చేశాను. నేను పడ్డ సంగతి నిరుడు అమ్మకి చెప్పకుండా దాచాలనుకున్నాను గానీ మనవరాలు రెండోరోజే చెప్పేసింది. అప్పట్నించీ అమ్మ బండి ప్రసక్తి తేలేదు. ఈసారి నేనే, "ఇసుక ఇంకా పోలేదమ్మా, అది పోతే గానీ తియ్యను" అన్నాను.

అమ్మ కాసేపు వూరుకుంది. తరవాత, "మీ నాన్నా ఇంతే" అంది.

మా వైపు నేల నల్లరేగడి. వానాకాలం వస్తే ఆ బురద మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగనివ్వదు. నాన్న అప్పుడు బుల్లెట్ ఇంట్లో పెట్టి సైకిలు భుజాన వేసుకుని అయినా వెళ్ళేవాడు. వానలు తగ్గాక రోజూ పొద్దున్నే వీధి చివరికి వెళ్ళి, మట్టిమీద కాలు నొక్కి ఎత్తేవాడు. చెప్పుకి మట్టి అంటుకోకుండా వస్తే బండి తియ్యొచ్చన్నమాట. ఆయన వెనక నేనూ వెళ్ళి నా బుల్లి చెప్పులతో నొక్కేదాన్ని. ఇదంతా నాకు తెలిసినదే. తెలియనిది అమ్మ చెప్పింది.

"ఓ యేడు అట్లతద్దెకి ముందు, దుగ్గిరాల కాలవగట్టు మీద జారి పడ్డాడు. బండి పైన పడింది. నువ్వప్పటికి మూడేళ్ళ పిల్లవి. కాలు నెల్లాళ్ళకి బాగయింది. అయినా బండి తియ్యడే! రోజూ వెళ్ళి మట్టి నొక్కడం, వచ్చి 'ఇంకా ఆరలేదు' అనడం. సంక్రాంతి దాటిపోయింది. సంక్రాంతికి బురదేమిటే మన వూళ్ళో? దుమ్ము లేస్తూ వుంటుంది. నేనూ 'అవునండీ, ఆరలేదు' అనేదాన్ని."

"మరి ఎప్పుడు తీశాడు?"

"కొల్లిపర నుంచి అర్ధరాత్రి మనిషొచ్చాడు. గేదె ఈనలేక పడిపోయిందని. సైకిలు మీద వెళితే అయ్యేపని కాదు. లేచాడు, తీశాడు. అంతే."

"గేదె బతికిందా?"

"దూడ పోయింది. గేదె బతికింది" అని, "ఇంతకీ ఏం కూర?" అంది.

ఫోను పెట్టేశాక చాలాసేపు అలాగే కూచున్నాను. నాన్న దేనికీ భయపడ్డాడని నాకు ఎవరూ చెప్పలేదు. ఈనలేని గేదె మిన్నెసోటాలో నాకెక్కడ దొరుకుతుంది? నేను బండి తియ్యకపోతే ఆగిపోయే పని ఈ భూమ్మీద ఒక్కటీ లేదు. లైబ్రరీకి కారుంది. కూరలకి కారుంది. అదే వచ్చిన చిక్కు.

శుక్రవారం పొద్దున్న ఆరున్నరకి చీపురు తీసుకుని బయల్దేరాను. కొబ్బరి ఈనెల చీపురు. ఇండియన్ షాపులో ఏడు డాలర్లు పెట్టి కొన్నది. ఇంట్లో కార్పెట్లమీద దానికి పనిలేక తలుపు వెనక నిలబడి వుంటుంది. మలుపు దగ్గరికి వెళ్ళి, చుట్టూ చూసి, నైటీ మీద కోటు సర్దుకుని వూడ్వడం మొదలుపెట్టాను. మన వాకిలి వూడ్చినట్టు వొంగి, వెనక్కి నడుస్తూ. చీపురు చప్పుడుకి తెనాలి వీధి వచ్చి నా వెనక నిలబడింది.

కుక్కని తీసుకుని ఒకావిడ వచ్చి ఆగింది. "ఉంగరం పోయిందా?" అని అడిగింది.

లేదని చెప్పేలోగా ఆవిడ వొంగి వెతకడం మొదలుపెట్టింది. కుక్క కూడా వాసన చూడసాగింది. "ఉంగరం కాదండీ, ఇక్కడ నిరుడు పడ్డాను" అన్నాను. ఆవిడకి ఏమర్థమైందో, "అయ్యో, ఏడాది నుంచీ వెతుకుతున్నారా!" అని ఇంకా శ్రద్ధగా వెతికింది. చివరికి ఎలాగో పంపించాను.

తల ఎత్తేసరికి మావారు వస్తున్నారు. పైజమా మీద స్వెట్టరు. నా వంక చూశారు, చీపురు వంక చూశారు, పోగుచేసిన ఇసుక వంక చూశారు. ఏమీ అనకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఆయన మళ్ళీ వచ్చారు, మంచు తోసే పారా ఒక చేత్తో, బకెట్టు ఒక చేత్తో పట్టుకుని.

ఇద్దరం కలిసి రెండు బకెట్ల ఇసుక ఎత్తాం. రెండో బకెట్టు ఎత్తుతూ ఆయన, "నేను వద్దన్నాను కదా నిరుడు" అన్నారు.

"అన్నారు" అన్నాను.

"ఆ."

అంతే. ఏడాది పట్టింది ఆ మాట రావడానికి.

ఆ మర్నాడు, సరిగ్గా మర్నాడు, మునిసిపాలిటీ ఊడ్చే యంత్రం గుండ్రటి బ్రష్షులు తిప్పుకుంటూ, నీళ్ళు చల్లుకుంటూ మా వీధి ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్ళింది. మేం వూడ్చిన మలుపు దగ్గర దానికి పనిలేకపోయింది. నాకున్న ఒక్క సాకునీ కూడా వూడ్చుకుని పోయింది.

ఆదివారం. యాభై నాలుగు డిగ్రీలు. దుప్పటి తీశాను. టైర్లలో గాలి చూశాను. గొలుసుకి నూనె వేశాను. బ్రేకులు నొక్కి చూశాను, దీపాలు చూశాను, పొగగొట్టంలో గుడ్డ తీశాను. ఇవన్నీ చేశాక మళ్ళీ మొదటినుంచీ చేశాను. మావారు గడపలో కాఫీ గ్లాసుతో నిలబడి, "అమ్మాయికి చెప్పనా కొబ్బరికాయ తెమ్మని?" అన్నారు. నిమ్మకాయలు మాత్రం తనే తెచ్చి చక్రాల కింద పెట్టారు. లెక్కలు చూసుకునే మనిషి, దేనికీ దణ్ణం పెట్టనివాడు.

మొదట స్కూలు ముందున్న ఖాళీస్థలానికి వెళ్ళాను. ఆదివారం గనుక ఒక్క కారు లేదు. అరగంట సేపు చుట్లు తిరిగాను. ఆగడం, మళ్ళీ కదలడం, గబుక్కున బ్రేకు వెయ్యడం. చలికాలమంతా బండి మాత్రమే కాదు, ఆ చేతులూ కాళ్ళూ కూడా నిద్రపోయి వుంటాయి. క్లచ్చి వదిలేటప్పుడు మోకాలు వొణికింది. వొణికితే వొణకనీ అనుకున్నాను. తరవాత మా వీధికి వచ్చాను.

మలుపు వచ్చింది. ఎక్కడ పడ్డానో ఆ చోటు నన్ను పేరుపెట్టి పిలిచినట్టే వుంది. చూడలేదు. ఆ వీధి చివర నీలంరంగు పోస్టుడబ్బా వుంది, దాని వంక చూశాను. ఇంత శ్రద్ధగా ఏ పోస్టుడబ్బానీ చూసి ఎరగను. పత్రికలకి కథలు పంపే రోజుల్లో కూడా. బండి ఒరిగింది, తిరిగింది, నిటారుగా లేచింది. పోస్టుడబ్బా దగ్గరయింది. దాన్ని దాటి వెళ్ళాను.

సరస్సు దాకా వెళ్ళాను. అంచున నీళ్ళు కదులుతున్నాయి. నడిమధ్యన ఇంకా బూడిదరంగు మంచుపలక వుంది, చిల్లులు పడి, ఇవాళో రేపో అన్నట్టు. గాలికి అది గాజులు కదిలినట్టు గలగలమంటోంది. బండి స్టాండు వేసి అమ్మకి ఫోను చేశాను. తెనాలిలో రాత్రి తొమ్మిదిన్నర.

"ఎక్కడున్నావే, ఆ నీళ్ళేమిటి?"

"బండి తీశానమ్మా."

అమ్మ ఏమీ అనలేదు. కళ్ళజోడు సర్దుకుని తెరలోకి చూసింది.

"మీ నాన్న బండి లాగా చప్పుడొస్తుందా? ఏదీ, వినిపించు."

స్టార్టు చేసి, ఫోను పొగగొట్టం దగ్గర పెట్టాను. ఒక నిమిషం పైనే వుంచాను. చెయ్యి వేడెక్కింది. మళ్ళీ ఫోను మొహం దగ్గర పెట్టుకునేసరికి అమ్మ చెవి ఒక్కటే కనిపిస్తోంది, దిద్దుతో సహా.

"ఇంత మెల్లిగా కాదు, ఇంకా గట్టిగా మోగేది" అంది. "పొద్దు వుండగానే ఇంటికి వెళ్ళు. అతనికి కాఫీ అయినా పెట్టావా, అలాగే వచ్చేశావా?"